సముద్రం మీద సినిమా తీయడానికి డబ్బులిస్తారట, మరి ఆ లైన్లో మనం ఎందుకు లేం?

పోస్టు కొంచెం పెద్దదే. తీరిక చూసుకుని చదవండి, కానీ సగంలో వదిలేయొద్దు. చదివాక ఒప్పుకోకపోతే కామెంట్లో తిట్టండి, పర్లేదు.

విషయం ఇదీ. కొత్తగా సినిమాలు తీయడం మొదలుపెట్టిన కుర్రాళ్లకి డబ్బిచ్చి, సముద్రం మీద పరిశోధన చేసే శాస్త్రవేత్తల వెంట పంపించే పద్ధతి ఒకటి ప్రపంచంలో ఉంది. వాళ్లు ఓడ ఎక్కుతారు, తీరం మీద రాత్రంతా తిరుగుతారు, శాస్త్రవేత్తలు ఏం చేస్తున్నారో తీసి జనానికి చూపిస్తారు. మొన్న హాస్టల్లో ఈ మాట నేనెత్తితే మా రూమ్మేట్ నవ్వేశాడు. "మనది కొండ, వాళ్లది సముద్రం. మనకి ముందు గ్రూప్స్, డీఎస్సీ చూసుకోవాలి గానీ ఈ చేపల సినిమాలెందుకు రా?" అన్నాడు. వాడొక్కడిదే కాదు, మనలో చాలామంది మాట ఇదే. దానికి జవాబే ఈ పోస్టు.

ముందు ఈ డబ్బు ఏం చేయగలదో ఒక పాత కథతో చెప్తాను.

ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో అని ఒకాయన ఉండేవాడు. కాలిప్సో అనే ఓడ మీద సముద్రాలు తిరుగుతూ, నీళ్ల కింద కెమెరా పెట్టి సినిమాలు తీశాడు. "ది సైలెంట్ వరల్డ్" సినిమాకి తనతో పాటు దర్శకుడిగా ఎవర్ని పెట్టుకున్నాడో తెలుసా? లూయి మాల్ అని, సినిమా స్కూల్లో చదువుతున్న కుర్రాడు. 1956లో ఆ సినిమాకి కాన్స్ ఫెస్టివల్లో పెద్ద బహుమతి పామ్ డోర్ వచ్చింది, మరుసటి ఏడాది ఆస్కార్ కూడా వచ్చింది. కాన్స్ నాటికి మాల్ వయసు 23. మనకంటే రెండు మూడేళ్లు పెద్ద, అంతే. తర్వాత అతను ఫ్రాన్స్‌లో పెద్ద దర్శకుడయ్యాడు. ఎవరో ఒకరు ఓడ మీద చోటిచ్చి, నెలల తరబడి తిండి పెట్టి, చేతికి కెమెరా ఇస్తే ఇరవై మూడేళ్ల కుర్రాడు అంత పని చేయగలడు.

ఇదే కథలో ఇంకో వైపు ఉంది. ఆ సినిమాలో దిబ్బ మీద ఎన్ని చేపలున్నాయో లెక్కపెట్టడానికి పగడపు దిబ్బని డైనమైట్‌తో పేల్చేస్తారు. ఒక తిమింగలం పిల్ల ఓడ కింద పడి గాయపడితే, దాన్ని తినడానికొచ్చిన సొరచేపల్ని ఓడవాళ్లు పైకి లాగి కొట్టి చంపుతారు. అదంతా వీరత్వం లాగా చూపించారు. ఇప్పుడు చూస్తే కడుపులో తిప్పుతుంది. పైగా 1954లో అదే కాలిప్సో, బ్రిటిష్ పెట్రోలియం కంపెనీ డబ్బుతో అబుధాబి దగ్గర సముద్రం అడుగున చమురు వెతికే సర్వే చేసింది. కూస్తో తర్వాత మారాడు, సముద్రాన్ని కాపాడాలని జీవితాంతం గొంతెత్తాడు. నేను ఆయన్ని తక్కువ చేయడం లేదు. డబ్బు ఎవరిది, కెమెరా ఎవరి చేతిలో ఉంది అన్నదాన్ని బట్టి ఏది గొప్పగా కనిపిస్తుందో మారిపోతుంది అని మాత్రమే చెప్తున్నా. ఈ మాట మనకి కొత్త కాదు. మన కొండల్లో సర్వే పేరుతో వచ్చే జీపుల్ని మనం చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాం.

ఇప్పటి సంగతికొద్దాం. అమెరికాలో ష్మిట్ ఓషన్ ఇన్‌స్టిట్యూట్ అని 2009లో పెట్టిన సంస్థ ఉంది. శాస్త్రవేత్తలకి తన ఓడని ఉచితంగా ఇస్తుంది, షరతు ఒక్కటే: దొరికిన సమాచారం అందరికీ అందుబాటులో పెట్టాలి. ఆ ఓడ మీదకి కళాకారుల్ని కూడా తీసుకెళ్తుంది. నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ కూడా 18 ఏళ్లు దాటినవాళ్లకి గ్రాంట్లు ఇస్తుంది, శాస్త్రవేత్తలకే కాదు, కథ చెప్పేవాళ్లకి కూడా.

2025లో ఏం జరిగిందో చూడండి. అర్జెంటీనా శాస్త్రవేత్తలు అదే ష్మిట్ వాళ్ల ఓడ మీద మార్ దెల్ ప్లాతా ఊరికి దూరంగా సముద్రంలోకి వెళ్లారు. నీళ్ల కిందకి రోబో యంత్రాన్ని దింపి, అది చూసేదంతా యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు. దాదాపు నాలుగు కిలోమీటర్ల లోతు. నక్షత్రచేపలు, ఆక్టోపస్‌లు, పేరు కూడా తెలియని జీవులు. ఒకేసారి యాభై వేల మందికి పైగా కూర్చుని చూసిన రోజులున్నాయి. ఎందుకంతగా చూశారు? చేపలు అందంగా ఉన్నాయనే కాదు. మాట్లాడే శాస్త్రవేత్తలు వాళ్ల దేశం వాళ్లు, వాళ్ల స్పానిష్‌లోనే మాట్లాడారు, జోకులేశారు, ఆశ్చర్యపోయారు. అప్పటికే ఆ దేశంలో సైన్సుకి నిధులు కోసేస్తున్నారని గొడవ నడుస్తోంది. మా డబ్బుతో వీళ్లు చేసే పని ఇదా అని మామూలు జనం మొదటిసారి కళ్లారా చూశారు. పది సెమినార్లు చేయలేని పని ఆ కెమెరా చేసింది.

మన దేశంలో ఏముంది? కేంద్రం 2021లో డీప్ ఓషన్ మిషన్‌కి 4,077 కోట్లు ఒప్పుకుంది. మత్స్య 6000 అనే వాహనంలో ముగ్గురు మనుషుల్ని 6,000 మీటర్ల లోతుకి పంపించాలని పని జరుగుతోంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ చేపలు ఎక్కడ దొరుకుతాయో మత్స్యకారులకి తెలుగులో కూడా సమాచారం పంపుతుంది. సునామీ హెచ్చరిక కేంద్రం కూడా అక్కడే. విశాఖలోనే జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాఖ ఉంది, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రం ఉంది. ఇంత పని మన పక్కనే జరుగుతోంది. బీచ్‌లో సెల్ఫీ దిగి వచ్చే మనకి ఇందులో ఎంత తెలుసు?

చూపించే వ్యవస్థలేమో ఒక్కొక్కటీ తగ్గిపోయాయి. 1948 నుంచీ డాక్యుమెంటరీలు తీసిన ఫిల్మ్స్ డివిజన్‌ని ఎన్‌ఎఫ్‌డీసీలో కలిపేశారు. సైన్సు ప్రచారానికి 1989లో పెట్టిన విజ్ఞాన్ ప్రసార్‌ని 2023లో మూసేశారు. వాటిలో లోపాలు లేవని కాదు. కానీ ఊరి నుంచి వచ్చిన ఒక కుర్రాడో అమ్మాయో "నేను సైన్సు మీద సినిమా తీస్తాను, సాయం చేయండి" అని అడగడానికి తలుపులు తగ్గిపోయాయి. నాలుగు వేల కోట్ల మిషన్‌లో ఒక చిన్న ముక్క పక్కన పెట్టి, కొత్త సినిమావాళ్లని పరిశోధన నౌకలెక్కించమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

ఇక మా రూమ్మేట్ ప్రశ్న. మనకెందుకు?

మొదటిది, కొండకీ సముద్రానికీ సంబంధం లేదన్న మాటే తప్పు. మాది అనంతగిరి వైపు. బొర్రా గుహల దగ్గర నుంచి వచ్చే గోస్తని, తాటిపూడి రిజర్వాయర్ మీదుగా వెళ్లి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మన కొండ మీద అడవి నరికితే, గనులు తవ్వితే ఆ మట్టి వెళ్లేది అక్కడికే. బొర్రా పంచాయతీ గనుల లీజుల మీద పోరాడితేనే కదా 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు వచ్చింది. ఆ పోరాటం భూమి కోసం. కానీ దాని వల్ల కిందనున్న నదికీ, నది కలిసే సముద్రానికీ ఏం మిగిలిందో ఎవరైనా సినిమా తీశారా? గోదావరి చూడండి. నది తెచ్చే ఒండ్రు డ్యాముల దగ్గర ఆగిపోతే డెల్టా తీరం కోతకి గురవుతుందని శాస్త్రవేత్తలు ఎప్పట్నుంచో చెప్తున్నారు. పైన పోలవరం ముంపులో కోయ, కొండరెడ్డి ఊళ్లు. కింద అలలకి ఇళ్లు పోగొట్టుకునే మత్స్యకారుల ఊళ్లు. రెండు చోట్లా సామాన్లు సర్దుకునేది పేదోళ్లే. ఈ రెండింటినీ కలిపి చూపించాలంటే పైనుంచి వచ్చిన పిల్లలకంటే ఎవరికి బాగా తెలుస్తుంది?

రెండోది, ఆదివాసీ అంటే కొండ మాత్రమే అనుకోవడం మన అలవాటు. లక్షద్వీప్‌లో 2011 లెక్కల ప్రకారం దాదాపు 95 శాతం జనం షెడ్యూల్డ్ తెగలే. వాళ్ల నేలే పగడపు దిబ్బ. 1998లో, 2010లో, 2016లో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడి చచ్చిపోయాయి. దిబ్బ పోతే అలలు నేరుగా ఊరి మీదకొస్తాయి. మనకి అడవి ఎంతో వాళ్లకి దిబ్బ అంత.

నికోబార్ సంగతి ఇంకా పెద్దది. గ్రేట్ నికోబార్‌లో గెలతియా తీరానికి లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. సముద్ర తాబేళ్లలో అన్నిటికంటే పెద్దవి ఇవే. 1997లో ఆ చోటుని అభయారణ్యం చేశారు, 2021 జనవరిలో ఆ హోదా తీసేశారు. అక్కడ పెద్ద ఓడరేవు కట్టాలని ప్రభుత్వ ప్రాజెక్టు. ఆ దీవిలోని ఆదివాసీలు నికోబారీలు, షోంపెన్‌లు. షోంపెన్‌లు మన దగ్గర పీవీటీజీల్లాంటి తెగే. 2004 సునామీలో ఊళ్లు పోయి వేరే చోట ఉంటున్న నికోబారీలు పాత ఊళ్లకి తిరిగి వెళ్లాలని అడుగుతున్నారు. అక్కడి గిరిజన మండలి ముందు ఇచ్చిన అంగీకారాన్ని 2022 నవంబర్లో వెనక్కి తీసుకుంది. ఎన్ని తాబేళ్లు వచ్చాయి, ఎక్కడ గూళ్లు పెట్టాయి అని రాత్రుళ్లు ఇసుక మీద నడిచి లెక్కరాసే పని ఉంటుంది చూడండి, ఈ మొత్తం వాదనలో ముఖ్యమైన ఆధారాల్లో అదొకటి. అంటే సముద్ర సైన్సు ఫీల్డ్‌వర్క్ అనేది లైబ్రరీలో ఉండే విషయం కాదు. ఒక తెగ తన నేల మీద ఉంటుందా లేదా అన్న లెక్కలో అది కూడా ఒక కాగితం. ఆ కాగితం ఎలా తయారవుతుందో జనం చూడాలా వద్దా?

మూడోది, కెమెరా ముందు మనం ఎప్పుడూ ఉన్నాం. కెమెరా వెనక లేం. 2012లో అండమాన్ జారవా ఆడవాళ్లతో టూరిస్టుల కోసం డాన్సులు చేయించిన వీడియో బయటికొచ్చి దేశమంతా తల దించుకుంది. అదీ ఒక కెమెరానే. 2023లో ఆస్కార్ గెలిచిన "ది ఎలిఫెంట్ విస్పరర్స్"లో ఉన్నది మదుమలై కాట్టునాయకన్ తెగ దంపతులు. సినిమా బాగుంది, నేనూ చూశాను. ఆ తర్వాత సినిమా వాళ్లకీ వాళ్లకీ మధ్య డబ్బు విషయంలో పేపర్లకెక్కిన గొడవ కూడా చదివాను. ఎవరిది తప్పని నేను తీర్పు చెప్పను. ముందే కాగితం మీద అన్నీ రాసుకునే పద్ధతి ఉండి ఉంటే ఆ గొడవ అంత దూరం వచ్చేది కాదేమో అనిపించింది.

ఇప్పుడు "ముందు ఉద్యోగం" అన్న మాట. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. మా ఇంట్లో కాలేజీ గేటు దాటింది నేనే మొదట. మా అమ్మానాన్నలకి కాఫీ, మిరియాలు, కొంచెం పోడు. నేను సినిమా అంటే మా నాన్న ముఖం ఎలా మారుతుందో నాకు తెలుసు. 2020లో జీవో 3 కొట్టేశాక మన ఏజెన్సీలో టీచర్ పోస్టుల మీద కూడా నమ్మకం సన్నగిల్లింది. ఇలాంటప్పుడు ఉద్యోగం వదిలేసి సినిమాలు తీయండి అని చెప్పేవాడు మన వాడు కాదు. నేను అడిగేది వేరు. పెట్టే నిధి ఎలా ఉండాలంటే, పేదింటి పిల్ల కూడా తిండికి భయపడకుండా ఆరు నెలలు ఆ పని చేయగలగాలి. అలా లేకపోతే "కొత్తవాళ్లకి అవకాశం" అన్న పేరు మీద మళ్లీ నగరంలో కెమెరా కొనిపెట్టే నాన్న ఉన్నవాళ్లే వెళ్తారు.

ఇది ఊరికే అనడం లేదు. పోయినేడాది ఒక సంస్థ వాళ్ల వీడియో వర్క్‌షాప్‌కి నేను అప్లై చేశాను. పేరు వద్దు. "విద్యార్థులకి పూర్తిగా ఉచితం" అని పోస్టర్. సెలెక్ట్ అయ్యాక చెప్పారు: టికెట్లు, రూము మీరే పెట్టుకోండి, బిల్లులిస్తే రెండు మూడు నెలల్లో డబ్బులు వేస్తాం. లాప్‌టాప్ మీదే తెచ్చుకోవాలి. ఇంటర్వ్యూ మొత్తం ఇంగ్లిష్. ముందు పెట్టడానికి డబ్బుంటే నేను హాస్టల్లో ఎందుకుంటాను? వెళ్లలేదు. నా సీటు ఇంకొకరికి వెళ్లింది. వాళ్ల రిపోర్టులో మాత్రం "గిరిజన విద్యార్థులకి కూడా అవకాశం ఇచ్చాం" అని ఉండే ఉంటుంది.

అందుకే ఇలాంటి నిధి ఎవరు పెట్టినా, ప్రభుత్వమైనా ఫౌండేషన్ అయినా, మనం అడగాల్సినవి ఇవి:

1. డబ్బు ముందే ఇవ్వాలి. బిల్లులు తర్వాత చూపిస్తాం. నెలనెలా భత్యం ఉండాలి, ఎందుకంటే సముద్రం మన టైమ్‌టేబుల్ చూడదు. తుఫాను వస్తే పడవ పది రోజులు ఒడ్డునే ఉంటుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల వేట నిషేధం ఉంటుంది, అప్పుడు ఫిషింగ్ బోట్లు కదలవు. ఆ ఖాళీ రోజులకి కూడా తినాలి కదా.

2. కెమెరా, నీళ్లలోకి దించే పెట్టె, హార్డ్ డిస్కులు, లైఫ్ జాకెట్, ఇన్సూరెన్స్ అన్నీ వాళ్లే ఇవ్వాలి. ఈత, అవసరమైతే స్కూబా నేర్పించాలి. కొండ పిల్లలకి సముద్రంలో ఈత ఎక్కడొస్తుంది? రాదని ఏరివేయడం కాదు, నేర్పించి తీసుకెళ్లాలి.

3. అప్లికేషన్ తెలుగులో రాయనివ్వాలి. ఫోన్లో మాట్లాడి పంపినా తీసుకోవాలి. సినిమా కువిలోనో, ఆదివాసీ ఒడియాలోనో, గోండిలోనో, కోయలోనో తీస్తానంటే అదే బలం అనుకోవాలి. సబ్‌టైటిల్ ఖర్చు వాళ్లు పెట్టుకోవాలి.

4. ఫీల్డ్‌లో నియమాలు కచ్చితంగా ఉండాలి. ఉదాహరణకి తాబేలు గుడ్లు పెట్టేటప్పుడు తెల్ల లైటు వేయకూడదు, ఫ్లాష్ అసలు వాడకూడదు. గూడులోంచి వచ్చిన పిల్లలు వెలుతురు వైపు నడుస్తాయి, మన లైటు చూసి సముద్రం వైపు కాకుండా రోడ్డు వైపు పోతాయి. షాట్ కోసం ఒక్క ప్రాణి పోయినా ఆ షాట్ వద్దు. షోంపెన్, జారవాల్లాంటి వాళ్ల వైపు కెమెరా తిప్పే ప్రశ్నే లేదు.

5. సినిమాలో కనిపించే ప్రతి మనిషితో వాళ్ల భాషలో ఒప్పందం ఉండాలి: ఎంత ఇస్తారు, ఎక్కడ చూపిస్తారు, తర్వాత డబ్బొస్తే వాటా ఉందా లేదా. పడవ నడిపినాయనకి, రాత్రంతా తీరం మీద తిరిగిన వాచర్‌కి పేరు పడాలి. ఫీల్డ్‌వర్క్‌లో సగం తెలివి వాళ్లదే. శాస్త్రవేత్త పేరు పైన వేసి వాళ్లని "స్థానికులు" అని ఒక్క ముక్కలో తేల్చేయడం ఇక ఆపాలి.

6. సినిమా ముందుగా చూపించాల్సింది తీసిన ఊళ్లోనే. గోడ మీద తెల్ల దుప్పటి కట్టి చూపించినా చాలు. ఫెస్టివల్స్ తర్వాత.

7. డబ్బిచ్చినవాడికి సినిమాలో కోత పెట్టే హక్కు ఉండకూడదు. కాలిప్సో కథ ముందే చెప్పాను కదా.

కొందరు అడగొచ్చు, ఈ డబ్బు నేరుగా సైన్సుకే ఇస్తే మేలు కదా, సినిమాకెందుకు అని. మంచి ప్రశ్నే. పరిశోధన నౌక ఒక్క రోజు నడిపితేనే లక్షల ఖర్చు, అందులో సినిమావాడికి ఒక బంక్ ఇవ్వడం పెద్ద భారం అనుకోవచ్చు. కానీ సైన్సుకి డబ్బు వచ్చేది జనం పన్నుల నుంచి. జనానికి అర్థం కానిదాన్ని కోసేయడం ఏ ప్రభుత్వానికైనా సులువు. అర్జెంటీనాలో జనం సైన్సు పక్షాన మాట్లాడింది చూశాకే. ఇంకోటి, మన ఊళ్ల పిల్లల్లో ఎంతమందికి సముద్ర శాస్త్రవేత్త అనే ఉద్యోగం ఉందని తెలుసు? నాకు డిగ్రీకొచ్చి జువాలజీ తీసుకునేదాకా తెలీదు. మన భాష మాట్లాడే ఒక అక్క ఓడ మీద నిలబడి నీళ్ల శాంపిల్ తీస్తున్న వీడియో ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి పిల్ల చూస్తే, ఆ పిల్లకి డాక్టర్, టీచర్, పోలీస్ కాక నాలుగో మాట దొరుకుతుంది.

నిధి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. విశాఖ హాస్టళ్లలో ఉన్నవాళ్లం మనం చాలామందిమి. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. అటవీ శాఖ వాళ్లు గుడ్లు సేకరించి హేచరీల్లో పెట్టి, పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. ముందు పర్మిషన్ అడిగి, వాళ్లు చెప్పినట్టు నడుచుకుని ఫోన్‌తోనే మొదలుపెట్టొచ్చు. ఫిషింగ్ హార్బర్‌కి పొద్దున్నే వెళ్తే ఏ చేప ఎంత దిగిందో లెక్క రాసుకునే పరిశోధన సిబ్బంది కనిపిస్తారు. ఆ లెక్క ఎందుకు రాస్తారు, అది ఎక్కడికి వెళ్తుంది అన్నదే ఒక పది నిమిషాల సినిమా. గోస్తని వెంట బొర్రా నుంచి భీమిలి దాకా నీళ్లు ఎలా మారుతున్నాయో తీస్తే ఇంకోటి. ఇవి మన దగ్గర ఉంటే రేపు ఏ గ్రాంట్‌కైనా "నేను చేసిన పని ఇదీ" అని చూపించొచ్చు.

నా ప్రతిపాదన: మన గ్రూపులో ఆసక్తి ఉన్నవాళ్లు పేరు, చదివే కోర్సు, మాట్లాడే భాష కామెంట్లో పెట్టండి. పదిమంది అయితే చాలు, రెండు పనులు మొదలుపెడదాం. ఒకటి, పైన రాసిన ఏడు అంశాలతో తెలుగులో ఒక వినతిపత్రం రాసి, గిరిజన సంక్షేమ శాఖకీ, సముద్ర పరిశోధన సంస్థలకీ పంపుదాం. సీనియర్ అన్నలు, అక్కలు భాష సరిచూడండి. రెండు, వచ్చే తాబేళ్ల సీజన్లో ఒక చిన్న వీడియో, మన మాతృభాషల్లో. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు గ్రాంట్ ఫారాలు నింపడంలో మిగతావాళ్లకి సాయం చేయండి, అదొక్కటి చేసినా చాలా మందికి దారి దొరుకుతుంది.

గ్రూప్స్ చదివేవాళ్లు గ్రూప్స్ చదవండి, నేనూ చదువుతున్నా. కానీ కొండ నుంచి సముద్రం దాకా ఏం జరుగుతోందో చెప్పే పని మొత్తం ఇంకొకళ్లకి వదిలేస్తే, రేపు వాళ్లు చెప్పిందే మన కథ అవుతుంది. పేర్లు పెట్టండి, ఎదురుచూస్తుంటా.